క్లబ్బుతో మొదటిసారి కిండర్ స్కౌట్ ఎక్కబోతున్నా, ఆరు వారాల్లో ఎలా తయారవ్వాలి?

సాల్ఫర్డ్ గోదారి:

అందరికీ నమస్కారం. నేను మాంచెస్టర్ పక్కన సాల్ఫర్డ్‌లో ఉంటాను, ఇక్కడికి వచ్చి మూడేళ్ళయింది, వయసు 41, పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. మా ఆఫీసులో ఒకావిడ చాలా ఏళ్ళుగా ఒక హిల్‌వాకింగ్ క్లబ్బులో ఉన్నారు. అక్టోబర్ రెండో ఆదివారం వాళ్ళ నడకకి నన్నూ రమ్మన్నారు. ఈడేల్ స్టేషన్‌లో దిగి, జేకబ్స్ ల్యాడర్ అనే దారి మీదుగా కిండర్ స్కౌట్ కొండ పైకి ఎక్కి, డౌన్‌ఫాల్ అనే జలపాతం దాకా వెళ్ళి, అంచు వెంబడి తిరిగి వచ్చి మళ్ళీ ఈడేల్‌కే దిగుతారట. మొత్తం 16 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 600 మీటర్లు, కష్టం "మోడరేట్" అని రాశారు. పన్నెండు మందో పదమూడు మందో వస్తారు.

నాకున్న అనుభవం ఇంతే. అలిపిరి మెట్లు రెండుసార్లు ఎక్కాను, అది కూడా పెళ్ళికి ముందు. పోయిన ఏడాది జులైలో ఇక్కడి స్నేహితులతో వేల్స్‌లో స్నోడన్ కొండ ఎక్కాను, లాన్‌బెరిస్ దారిలో. కింద చక్కటి ఎండ ఉంది కదా అని జీన్స్, కాటన్ టీషర్ట్, మామూలు స్పోర్ట్స్ షూస్‌తో బయల్దేరాం. పైకి వెళ్ళేసరికి వాన, గాలి, ఏమీ కనపడని మంచు. జీన్స్ తడిసి కాళ్ళకి అతుక్కుపోయింది, వేళ్ళు కొంకర్లు పోయి ఫోన్ కూడా పట్టుకోలేకపోయాను, దిగేటప్పుడు మోకాళ్ళు వణికాయి. ఆ రోజు భయం ఇంకా పోలేదు, కానీ మంచు ఒక్క రెండు నిమిషాలు విడిపోయినప్పుడు కింద కనిపించిన చెరువులు కూడా మర్చిపోలేకపోతున్నాను, అందుకే మళ్ళీ వెళ్ళాలని ఉంది.

క్లబ్బు వాళ్ళు ఒక లిస్టు పంపారు, బూట్లు, పైకీ కిందికీ వాటర్‌ప్రూఫ్‌లు, హెడ్ టార్చ్, అదనపు స్వెటర్, ఫ్లాస్కు, ఇంకా చాలా ఉన్నాయి. పగటిపూట నడకకి టార్చ్ ఎందుకో అర్థం కాలేదు. ఇవన్నీ కొంటే ఎంతవుతుందో అని భయం, కానీ అంతకన్నా పెద్ద టెన్షన్ ఏంటంటే అందరికన్నా వెనకబడి, నా ఒక్కదాని కోసం పన్నెండు మంది ఆగాల్సి వస్తుందేమో అని. ఆరు వారాల్లో ఏం చేస్తే ఆ పరిస్థితి రాకుండా ఉంటుంది? భోజనం ఏం పట్టుకెళ్ళాలి? క్లబ్బులతో తిరిగిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

కొండమెట్టు:

నమస్తే అండి. నేను షెఫీల్డ్‌లో ఉంటాను, పన్నెండేళ్ళుగా క్లబ్బు నడకలకి వెళ్తున్నాను, ఆరేళ్ళుగా కొన్నిటికి లీడర్‌గా కూడా ఉంటున్నాను, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

ముందు లెక్క చూద్దాం, చూస్తే సగం భయం పోతుంది. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన ఒక సూత్రం చెప్పాడు, ఇప్పటికీ చాలామంది లీడర్లు దాన్నే వాడతారు. ఈ రోజుల్లో వాడే కొలతల్లో చెప్పాలంటే, చదునుగా ఉన్న దూరానికి గంటకి 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకీ అదనంగా ఒక గంట. మీ నడకకి 16ని 5తో భాగిస్తే మూడు గంటల పన్నెండు నిమిషాలు, దానికి ఎక్కుడు గంట కలిపితే నాలుగుంపావు. కానీ ఇది ఆగకుండా నడిస్తే. పదమూడు మంది గుంపులో ఎవరో ఒకరు జాకెట్ విప్పుతారు, ఒకరు లేసు కట్టుకుంటారు, గొర్రెల దొడ్లకి ఉండే గేట్ల దగ్గర లైన్ పడుతుంది, భోజనం ఉంటుంది. అన్నీ కలిపి ఆరు, ఆరున్నర గంటలు వేసుకోండి. అంటే ఆగడాలన్నీ కలుపుకుంటే సగటున గంటకి రెండున్నర కిలోమీటర్లే. పరిగెత్తించేదేమీ కాదు.

అసలు ఇబ్బంది జేకబ్స్ ల్యాడర్ దగ్గర వస్తుంది. రాళ్ళు పరిచిన నిటారు దారి అది, అక్కడే గుంపు సాగిపోతుంది. గుంపు నడకలో ఒక అన్యాయం ఉంది, కొత్తవాళ్ళకి ఎవరూ చెప్పరు. ముందున్నవాళ్ళు పైకి చేరి ఐదు నిమిషాలు కూర్చుంటారు, నీళ్ళు తాగుతారు, వెనకాల వచ్చే మనిషి ఆయాసంతో చేరగానే "సరే పదండి" అని లేస్తారు. అందరికన్నా ఎక్కువ విశ్రాంతి కావాల్సిన మనిషికి ఒక్క నిమిషం కూడా దొరకదు. ఇలా మూడుసార్లు జరిగితే ఎంత గట్టివాళ్ళైనా డీలా పడిపోతారు. అందుకని ఎక్కుడు మొదలయ్యే ముందే మీరు లీడర్ వెనకాల రెండో స్థానంలోకో మూడో స్థానంలోకో వెళ్ళిపోండి. మొహమాటపడకండి. ముందుంటే లీడర్‌కి మీ ఊపిరి వినపడుతుంది, వేగం దాన్ని బట్టి తగ్గిస్తాడు. వెనకబడినా ఇద్దరు ముగ్గురు దాటి వెళ్తారంతే, అప్పటికీ మీరు గుంపు మధ్యలోనే ఉంటారు. నేను లీడర్‌గా ఉన్నప్పుడు కొత్తవాళ్ళని అడిగి మరీ నా వెనకాల నడిపిస్తాను, ఆఖరివాళ్ళు చేరాక ఐదు నిమిషాలు గడిస్తే గానీ కదలనివ్వను. మీ లీడర్ అలా చేయకపోతే, "ఇంకో రెండు నిమిషాలు ఆగుదామా" అని మీరే అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక ఆరు వారాల్లో ఏం చేయాలంటే, వారంలో రెండు రోజులు ముప్పావుగంట చొప్పున గబగబా నడవండి, మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగం ఉండాలి. ఇంకో రోజు మెట్లు. ఆఫీసు మెట్లో, ఫ్లాట్ మెట్లో, ఏదైనా సరే, ఇరవై నిమిషాలు ఎక్కి దిగండి. దిగడం మాత్రం నెమ్మదిగా, ఒక్కో కాలి మీద బరువు ఆపి ఆపి దించుతూ దిగండి. స్నోడన్ మీద మీ మోకాళ్ళు వణికింది ఎక్కినందుకు కాదు, దిగినందుకు. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువు ఆపాలి, ఆ పని మన రోజువారీ జీవితంలో ఎక్కడా రాదు. అలిపిరి మెట్లు మంచి అనుభవమే, 3550 మెట్లు ఎక్కిన మనిషికి కిండర్ ఎక్కే దమ్ము వస్తుంది, కానీ అక్కడ చాలామంది పైకి ఎక్కి, దర్శనం చేసుకుని, బస్సులో దిగుతారు. ఇక్కడ బస్సుండదు, ఎక్కినదంతా అలసిన కాళ్ళతోనే దిగాలి.

శని ఆదివారాల్లో ఒక పెద్ద నడక పెట్టుకోండి. మొదటి వారం 6 కిలోమీటర్లు, తర్వాత 8, 10, 12 అలా పెంచండి. మీకు దగ్గర్లో రివింగ్టన్ పైక్ ఉంది, 363 మీటర్లు, మొదటి కొండగా చాలా బావుంటుంది. రైల్లో డిజ్లీ వెళ్తే లైమ్ పార్క్ కూడా ఉంది. క్లబ్బు నడక రోజు మోసే బ్యాగే, అదే బరువుతో, అవే బూట్లతో వెళ్ళండి. ఆఖరి వారం మాత్రం కష్టపడకండి, తేలిగ్గా రెండుసార్లు నడిచి వదిలేయండి. ఆ వారంలో కొత్తగా ఒంటికి పట్టే బలం ఏమీ ఉండదు, వచ్చేది కాళ్ళ నొప్పులే.

ఊలు సాక్సులు:

అక్కా, నేను లీడ్స్. పైన అన్నయ్య నడక గురించి చక్కగా చెప్పారు, నేను బట్టలు, తిండి, ఇంకా ఆడవాళ్ళం అడగడానికి మొహమాటపడే విషయం ఒకటి చెప్తాను.

కాటన్ ఒక్క పోగు కూడా వద్దు, లోపల వేసుకునేవి కూడా. కాటన్ నీళ్ళు పీల్చుకుని ఒంటికి అతుక్కుని వేడంతా లాగేస్తుంది, మీకు స్నోడన్ మీద జరిగింది అదే. జిమ్‌కి వేసుకునే పాలిస్టర్ టీషర్ట్ సరిపోతుంది, ప్రత్యేకంగా కొనక్కర్లేదు. దాని మీద పల్చటి ఫ్లీసు (సింథటిక్ ఉన్ని స్వెటర్ లాంటిది), దాని మీద వాటర్‌ప్రూఫ్ జాకెట్. ఎత్తుకి వెళ్ళే కొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకీ సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది అంటారు, ఈడేల్ నుంచి కిండర్ పైకి 400 మీటర్ల తేడా కాబట్టి రెండున్నర డిగ్రీలే కదా అనిపిస్తుంది, కానీ పైన చెట్టూ చేమా ఉండవు, గాలి తిన్నగా మీదకొస్తుంది, తడిగా ఉంటే ఆ గాలికి ఎముకలు కొరికినట్టుంటుంది.

లిస్టులో అదనపు స్వెటర్ ఎందుకంటే, ఒక్కరమే వెళ్ళినప్పటికన్నా గుంపుతో వెళ్ళినప్పుడు నిలబడే టైమ్ ఎక్కువ. ఒక్కరమే వెళ్తే చలేస్తే నడిచేస్తాం. గుంపులో ఎవరికో బొబ్బ ఎక్కిందని పది మందీ గాలిలో నిలబడతాం, అప్పటికే వీపంతా చెమటతో తడిసి ఉంటుంది. నడుస్తున్నప్పుడు ఎప్పుడూ చలికి ఇబ్బంది పడలేదు నేను, పడిందంతా ఆగినప్పుడే. కాబట్టి లావుపాటి జాకెట్ ఒకటి బ్యాగ్‌లో పైనే పెట్టుకోండి, గుంపు ఆగగానే, చలేసే దాకా చూడకుండా వేసేసుకోండి, కదిలేటప్పుడు తీసేయండి. పొద్దున్న బయల్దేరేటప్పుడు మాత్రం కొంచెం చలిగా అనిపించేటట్టే ఉండండి, పది నిమిషాల్లో ఒళ్ళు వేడెక్కుతుంది.

వాటర్‌ప్రూఫ్ ప్యాంటు కొనేటప్పుడు కాలి పక్కన జిప్పు మోకాలి దాకా ఉన్నది చూసి కొనండి, బూట్లు విప్పకుండా తొడుక్కోవచ్చు. బురదలో ఒంటికాలి మీద నిలబడి బూటు విప్పడం ఎంత నరకమో ఒకసారి పడ్డాను. బ్యాగ్ మీద వేసే రెయిన్ కవర్‌ని నమ్మకండి, గాలికి ఎగిరిపోతుంది. చెత్త డబ్బాలో వేసే పెద్ద నల్ల కవరు బ్యాగ్ లోపల పరిచి, సామానంతా అందులో పెట్టుకుని మూతి మెలిపెట్టండి. గ్లోవ్స్ రెండు జతలు.

తిండి విషయానికొస్తే, పెరుగన్నం పట్టుకెళ్ళకండి. నాకు ప్రాణం, అయినా చెప్తున్నాను, ఆ చలిలో గొంతు దిగదు. భోజనానికి ఇచ్చేది ఇరవై నిమిషాలు, రాయి పక్కన గాలికి వీపు పెట్టి కూర్చుంటాం, చెంచా పట్టుకోవాలంటే గ్లోవ్స్ తీయాలి. చేత్తో పట్టుకుని కొరికేవి మంచివి. చపాతీలో బంగాళాదుంప కూర పెట్టి చుట్టి, ఫాయిల్ చుట్టి తీసుకెళ్తాను నేను. పులిహోర కావాలంటే చిన్న డబ్బాలో పెట్టుకోండి, చల్లగా తిన్నా బావుంటుంది. అన్నిటికన్నా పనికొచ్చేవి జేబులో పట్టేవి, వేరుశెనగ చిక్కీ, నువ్వుల ఉండలు, ఖర్జూరాలు. ఎక్కుడుకి ఒక పావుగంట ముందే ఒకటి నోట్లో వేసుకోండి, ఆకలేశాక తింటే లేటు. నీళ్ళు లీటరున్నర, దానికి తోడు వేడి టీ ఫ్లాస్కు. అల్లం టీ పెట్టుకెళ్ళండి, మా క్లబ్బులో నా ఫ్లాస్కు మూత కోసం లైన్లో ఉంటారు.

ఇంకొకటి. ఈడేల్ దాటాక దారిలో టాయిలెట్ ఉండదు. దాని భయంతో నీళ్ళు తాగడం మానేసేవాళ్ళని చూశాను, అది చాలా ప్రమాదం, తలనొప్పి, కండరాలు పట్టేయడం అన్నీ వస్తాయి. గుంపులో అందరికన్నా వెనక నడిచే ఆవిడో ఆయనో ఉంటారు, బ్యాక్ మార్కర్ అంటారు, వాళ్ళకి "ఒక్క నిమిషం" అని చెప్పి, మీ బ్యాగ్ దారి పక్కన పెట్టి వెళ్ళండి. బ్యాగ్ కనపడితే మనిషి ఇక్కడే ఉంది, లెక్క తప్పలేదు అని అర్థం. వాళ్ళకిది మామూలే, ఎందుకని ఎవరూ అడగరు. వాగులకి దూరంగా వెళ్ళండి, వాడిన టిష్యూ జిప్ కవర్లో వేసుకుని వెనక్కి తెచ్చేయండి. నెలసరి టైమ్ అయితే అదే పద్ధతి, ఒక కవరు ఎక్కువ.

రెండో ఫ్లాస్కు:

స్టాక్‌పోర్ట్ నుంచి. డబ్బు సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. దుకాణానికి వెళ్తే 250 పౌండ్ల జాకెట్ చూపిస్తారు, వద్దండి. మొదటి నడక అయ్యాక మీకు ఇది నచ్చుతుందో లేదో తెలుస్తుంది. రాంబ్లర్స్ లాంటి పెద్ద నడకల సంస్థ కూడా సభ్యత్వం కట్టకముందు మూడు నడకలు ఉచితంగా రానిస్తుంది, చాలా క్లబ్బులు అంతే. ఆ మూడు నడకల దాకా జాకెట్, పోల్స్ (నడకకి ఊతకర్రలు), బ్యాగ్ మీ ఆఫీసావిడని అడగండి, క్లబ్బు వాళ్ళ ఇళ్ళల్లో పాత సామాను గుట్టలు గుట్టలుగా ఉంటుంది, అడిగితే సంతోషంగా ఇస్తారు. వాడిన సామాను అమ్మే ఛారిటీ షాపుల్లో కూడా మంచి ఫ్లీసులు దొరుకుతాయి.

బూట్లు మాత్రం అడిగి తెచ్చుకోకండి. ఒకరి పాదానికి అలవాటైన బూటు ఇంకొకరికి పనికిరాదు. మధ్యాహ్నం దాటాక వెళ్ళి కొనండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. కొండకి వేసుకునే లావు సాక్సులే వేసుకుని చూడండి. దుకాణంలో వాలుగా ఉన్న చెక్క బల్ల ఉంటుంది, దాని మీద కిందికి దిగి చూడండి, వేళ్ళు ముందుకి తగిలితే ఆ బూటు వద్దు, పెద్ద సైజు అడగండి. నడకకి రెండు రోజుల ముందు కాలిగోళ్ళు కత్తిరించుకోండి. చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ దిగుడంతా గోరు బూటుకి కొట్టుకుంటే సాయంత్రానికి నల్లబడుతుంది.

నా మటుకు నాకు ఎండాకాలంలో చీలమండ దాకా ఉండే బూట్లు అక్కర్లేదు, మంచి పట్టున్న ట్రెయిల్ షూస్ చాలు. కానీ అక్టోబర్‌లో కిండర్ పైన పీట్ నేల (కుళ్ళిన నాచు, మొక్కలు పేరుకున్న నేల) స్పాంజిలా నీళ్ళు పట్టి ఉంటుంది, అడుగు వేస్తే మడమ దాటి దిగుతుంది, అక్కడికి బూట్లే మేలు.

సాల్ఫర్డ్ గోదారి:

అందరికీ చాలా చాలా థాంక్స్, అక్షరం వదలకుండా రెండుసార్లు చదివాను. బూట్లు కొన్నాను, ఇంట్లో వేసుకుని వంట చేస్తున్నాను, ఆదివారం రివింగ్టన్ వెళ్తున్నాం.

ఒక విషయం మొదటి పోస్టులో రాయలేదు. నాకు ఆస్తమా ఉంది. ఎక్కువ కాదు, ఇన్‌హేలర్ వాడతాను, మామూలుగా ఏ ఇబ్బందీ లేదు, కానీ చల్లగాలిలో ఎక్కుతుంటే ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది. స్నోడన్ మీద కూడా అలాగే అయింది, స్నేహితులకి చెప్పలేదు, ఫోటోలు తీస్తున్నట్టు ఆగుతూ ఎక్కాను. క్లబ్బు వాళ్ళు పంపిన ఫారంలో ఆరోగ్య సమస్యలేమైనా ఉంటే రాయమన్నారు. రాస్తే వద్దంటారేమో అని ఖాళీగా వదిలేద్దామనుకుంటున్నాను. ఏమంటారు?

కొండమెట్టు:

రాయండి. దయచేసి రాయండి. ఇంకేది మర్చిపోయినా ఫర్వాలేదు, అది మాత్రం రాయండి.

నా సంగతి ఒకటి చెప్తాను. క్లబ్బులో చేరిన రెండో ఏడాది నవంబర్‌లో లేక్ డిస్ట్రిక్ట్‌లో హెల్వెలిన్ అనే కొండ మీద నడక. ఆ వారమంతా నాకు జ్వరం, శుక్రవారానికి తగ్గింది. శనివారం రాత్రి ఫోన్ చేసి రానని చెప్తే బావుండదని, పొద్దున్నే వెళ్ళాను, ఎవరికీ చెప్పలేదు. రెడ్ టార్న్ చెరువు దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళంతా వణుకు, కాళ్ళు తేలిపోతున్నాయి, అయినా "బానే ఉన్నాను" అంటూనే ఉన్నాను. ఆ పైన ఇంకొంచెం ఎక్కాక కూలబడ్డాను. గాలిలో పది మంది నా చుట్టూ నిలబడ్డారు, ఒకరు తమ జాకెట్ ఇచ్చారు, ఇంకొకరు నా బ్యాగ్ కూడా మోశారు, కింద గ్లెన్‌రిడ్డింగ్ ఊరికి చేరేసరికి పూర్తిగా చీకటి. అందరి దగ్గరా హెడ్ టార్చ్‌లు ఉన్నాయి కాబట్టి దిగగలిగాం. పగటి నడకకి టార్చ్ ఎందుకని అడిగారు కదా, ఇందుకే. చీకట్లో నడవాలని ఎవరూ అనుకోరు, ఎవరో ఒకరి కాలు మెలికపడితే రెండు గంటల దారి ఐదు గంటలవుతుంది.

మా లీడర్‌కి అప్పటికి డెబ్బై ఏళ్ళు. నన్ను ఒక్క మాట తిట్టలేదు. "పొద్దున్న కారు దగ్గర చెప్పి ఉంటే దారి మార్చేవాణ్ణి, కింద చెరువు చుట్టూ తిరిగి వచ్చేవాళ్ళం, అదీ మంచి నడకే" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తుంటుంది. లీడర్ దగ్గర రెండో దారి, మూడో దారి ఎప్పుడూ ఉంటాయి. కొండ పైకి వెళ్ళాక తెలిస్తే ఆ దారులన్నీ మూసుకుపోతాయి.

ఆస్తమా ఉన్నవాళ్ళు మా క్లబ్బులోనే నలుగురు ఉన్నారు, నాకన్నా గట్టిగా నడుస్తారు. ఎవరూ వద్దనరు. చేయాల్సినదేంటంటే, ముందు మీ జీపీ సర్జరీలో, అంటే మీ డాక్టర్ క్లినిక్‌లో, ఆస్తమా చూసే నర్సుని కలిసి ఇలా చల్లగాలిలో ఎక్కబోతున్నానని చెప్పి, ఇన్‌హేలర్ ఎప్పుడు ఎలా తీసుకోవాలో అడగండి. దాన్ని బ్యాగ్ అడుగున కాదు, జాకెట్ లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా పెట్టుకోండి. అది ఏ జేబులో ఉందో లీడర్‌కీ, మీతో నడిచే ఇంకొకరికీ చెప్పండి. గాలి చల్లగా ఉంటే పల్చటి స్కార్ఫ్ ముక్కుకి అడ్డం కట్టుకోండి. ఎక్కేటప్పుడు ఛాతీ పట్టేస్తే అక్కడే ఆగి నోరు తెరిచి చెప్పండి. ఫోటోలు తీస్తున్నట్టు నటించడం వల్ల ఏమైందో చూడండి, స్నోడన్ మీద మీ పక్కనున్నవాళ్ళకి మీకు సాయం చేసే అవకాశమే లేకుండా పోయింది.

మొదట అడిగారు కదా, పన్నెండు మంది ఆగాల్సి వస్తుందేమో అని. నెమ్మదిగా నడిచే మనిషి కోసం ఆగడం ఏ క్లబ్బులోనైనా రోజూ జరిగేదే, దానికి ఎవరికీ కష్టంగా ఉండదు. దాచిపెట్టిన మనిషి కోసం గాలిలో గంటసేపు నిలబడటం కష్టం.

గ్లాస్గో తెలుగోడు:

కొండమెట్టు గారు చెప్పినదానికి నాదీ ఓటు. ఇక్కడ స్కాట్లాండ్‌లో 914 మీటర్లు, అంటే మూడు వేల అడుగులు దాటిన కొండల్ని మన్రోలు అంటారు, 282 ఉన్నాయి, ఇరవై ఆరు ఎక్కాను. అన్నీ క్లబ్బుతోనే. రెండు మూడు మాటలు కలుపుతాను.

ఫోన్‌లో మామూలుగా వచ్చే వాతావరణం ఊరికి సంబంధించింది, కొండ పైది కాదు. మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ అని ఉంది, మీ కిండర్ ఉన్న పీక్ డిస్ట్రిక్ట్‌కి విడిగా ఇస్తారు, గాలి నడకని ఎంత ఇబ్బంది పెడుతుందో, మబ్బు ఏ ఎత్తులో ఉంటుందో మాటల్లో రాస్తారు. శనివారం సాయంత్రం తప్పకుండా చదవండి.

ఇవాళే ఒక పని చేయండి. "రిజిస్టర్" అనే ఇంగ్లీషు మాట టైప్ చేసి ఇక్కడి అత్యవసర నంబర్ 999కి ఎస్ఎంఎస్ పంపండి, వచ్చిన జవాబుకి "ఎస్" అని తిరిగి పంపండి. అప్పటినుంచి మాట వినపడనంత తక్కువ సిగ్నల్ ఉన్నచోట కూడా మెసేజ్‌తో సాయం అడగొచ్చు. ఫోన్ కలిస్తే 999కి చేసి ముందు పోలీస్ అని, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి. వాళ్ళంతా జీతం లేని వాలంటీర్లు, డబ్బు అడగరు. ఏదీ లేకపోతే విజిల్, నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరు. బ్యాగ్ ఛాతీ పట్టీకి చాలాసార్లు విజిల్ కుట్టే ఉంటుంది, చూసుకోండి.

లీడర్ దారి చూస్తాడు కదా అని మ్యాప్ లేకుండా వెళ్ళకండి. ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళ డార్క్ పీక్ మ్యాప్, ఓఎల్1, ముందు రోజు బల్ల మీద పరిచి దారంతా వేలితో నడవండి. కొండ మీద "ఇప్పుడు ఎక్కడున్నాం" అని లీడర్‌ని అడిగితే ఆయనకి సంతోషంగానే ఉంటుంది.

అక్టోబర్ రెండో ఆదివారం సూర్యాస్తమయం ఆరుంపావు దాటాక, మీకు టైమ్ ఉంది. నెలాఖరు ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక ఐదు లోపే పొద్దుపోతుంది, తర్వాతి నడకకి అది గుర్తుపెట్టుకోండి.

ఇంకో మాట, ఇది తయారీకి సంబంధించింది కాదు. మీరు వెళ్తున్న కొండ ఒకప్పుడు మామూలు జనం నడవకూడని కొండ, వేటకి ఉంచుకున్న ప్రైవేటు భూమి. 1932 ఏప్రిల్ 24న వందలాది మంది, ఎక్కువగా మీ మాంచెస్టర్ చుట్టుపక్కల కుర్రాళ్ళు, హేఫీల్డ్ వైపు నుంచి కావాలనే దాని మీదకి నడిచారు. ముందు నడిపించిన బెన్నీ రోత్‌మన్‌కి ఇరవై ఏళ్ళు. ఐదుగురికి జైలు శిక్ష పడింది. 1951లో పీక్ డిస్ట్రిక్ట్ ఈ దేశంలో మొదటి నేషనల్ పార్క్ అయింది. డౌన్‌ఫాల్ దగ్గర కూర్చున్నప్పుడు పడమర వైపు చూడండి, వాళ్ళు ఎక్కి వచ్చింది ఆ వైపు నుంచే.

సాల్ఫర్డ్ గోదారి:

వెళ్ళి వచ్చాను! నిన్న రాత్రే రాద్దామనుకున్నాను, స్నానం చేసి పడుకున్నదాన్ని పొద్దున్నే లేచాను.

ఫారంలో ఆస్తమా అని రాశాను. లీడర్ ఆవిడ గురువారమే ఫోన్ చేశారు, మందులేంటి, ఇంతకుముందు ఎప్పుడు ఇబ్బంది అయింది అని ఐదు నిమిషాలు అడిగి, "ల్యాడర్ మీద నా వెనకాలే రా, నేను నెమ్మదిగానే నడుస్తాను" అన్నారు. జేకబ్స్ ల్యాడర్ మొదట్లోనే అందరినీ ఆపి జాకెట్లు తీయించారు. నేను రెండో స్థానంలో ఎక్కాను. సగంలో ఛాతీ కొంచెం బిగిసింది, చెప్పాను, మూడు నిమిషాలు ఆగాం. వెనకాల నుంచి ఒకాయన "హమ్మయ్య, నాకూ కావాలి" అన్నారు. ఆ మాటతో నా బరువంతా దిగిపోయింది.

"కిండర్ లో" అనే చోట, 633 మీటర్ల ఎత్తులో ఉన్న తెల్ల రాతి స్తంభం చేరేసరికి మబ్బు కమ్మేసింది, సన్నటి వాన. ప్యాంటు జిప్పు మోకాలి దాకా ఉండటం ఎంత ఉపయోగమో అప్పుడు తెలిసింది చెల్లీ, అందరికన్నా ముందు నేనే తయారయ్యాను. డౌన్‌ఫాల్ దగ్గర మబ్బు విడిపోయింది. గాలి ఎదురుగా కొడుతుంటే జలపాతం నీళ్ళు కింద పడకుండా పైకి లేచి మా మీదే చిలకరించాయి, అలాంటిది నా జన్మలో చూడలేదు. రాళ్ళ చాటున కూర్చుని చపాతీ చుట్టలు తిన్నాం. నువ్వుల ఉండలు పదిహేను తీసుకెళ్ళాను, ఒక్కటి మిగల్లేదు. ఇద్దరు ఎలా చేయాలో రాసుకున్నారు. పడమర వైపు చూస్తూ ఆ 1932 సంగతి అడిగితే లీడర్ ఆవిడ వాళ్ళ తాతగారు కూడా ఆ కొండల్లోనే తిరిగేవారని చెప్పారు.

దిగుడు కష్టంగానే అయింది, "గ్రైండ్‌స్లో నాల్" అనే గుట్ట నుంచి కిందికి తొడలు మండిపోయాయి, ఆఫీసావిడ ఇచ్చిన పోల్స్ లేకపోతే ఏమయ్యేదో. మెట్లు దిగే సాధన నాలుగో వారం నుంచి మానేశాను, అది తప్పే. ఇవాళ ఫ్లాట్ మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకుంటున్నాను. కానీ మోకాళ్ళు వణకలేదు, ఒక్క బొబ్బ లేదు, గోళ్ళన్నీ బానే ఉన్నాయి. తొమ్మిది ముప్పావుకి బయల్దేరి నాలుగుంపావుకి ఈడేల్‌లో ఉన్నాం, కొండమెట్టు గారూ, మీరు చెప్పిన ఆరున్నర గంటలకి సరిగ్గా సరిపోయింది.

నవంబర్ మూడో ఆదివారం ఇంకో నడక ఉంది, 13 కిలోమీటర్లు. పేరు ఇచ్చేశాను. హెడ్ టార్చ్ మాత్రం ఇప్పటిదాకా అరువుదే, ఈ నెల జీతం రాగానే కొంటాను. బ్యాటరీ వేసేది మంచిదా, ఛార్జింగ్ పెట్టేదా?

ఊలు సాక్సులు:

అక్కా, చదువుతుంటే చాలా సంతోషంగా ఉంది. ఛార్జింగ్ పెట్టేదే కొనండి, కానీ శనివారం రాత్రి ఛార్జ్ పెట్టడం మర్చిపోయే అలవాటు ఉంటే బ్యాటరీది కొని, కొత్త బ్యాటరీలు ఒక సెట్టు అదే జిప్ కవర్లో పెట్టుకోండి. బ్యాగ్‌లో దానంతటదే వెలిగిపోకుండా బటన్ లాక్ అయ్యేది చూడండి.